వ్యాపార నిర్వహణ చదువు – రైతు ఇంటి లెక్క

(శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రైతుల సమావేశములో సేద్యశాస్త్ర లెక్చరరు ఒకరు చేసిన ప్రసంగ పాఠము)



నన్ను ఈ సభకు పిలిచినవారు వరిలో ఎరువుల వాడకమును గురించి మాట్లాడుమని కోరినారు. అది నా వృత్తి గనుక చెప్పుట నాకు సులభము. కాని నేడు వేరొక విషయము చెప్పుటకు వారి అనుమతి తీసికొన్నాను. అందుకు కారణమున్నది.

గత సంవత్సరము వరి కోతల కాలములో నాగావళి ఒడ్డున ఒక గ్రామమునకు పంట చూచుటకు వెళ్ళినాను. పని ముగిసిన తరువాత ఒక పెద్దరైతు నన్ను కళ్ళము దగ్గర ఆపి ఇట్లడిగినారు: “మాస్టారూ, మా గుంటడు బి.కాం. పాసయ్యాడండి. పట్నంలో ఎం.బి.ఏ. సదువుతానంటన్నాడు. ఫీజుకి డబ్బు సాలదు. రోడ్డు పక్కనున్న అరెకరానికి బేరం వచ్చింది. అమ్మీమంటారా, వద్దంటారా? అసలా సదువులో ఏటి సెప్తారండి?”

ఆకు ఎందుకు ఎర్రబారినదని అడిగియుంటే వెంటనే చెప్పియుందును. ఈ ప్రశ్నకు మాత్రము జవాబు తోచలేదు. వారము రోజులు గడువు అడిగి వచ్చి, వ్యవసాయ ఆర్థికశాస్త్రము చెప్పు మిత్రులను, వ్యాపార నిర్వహణ చెప్పు ఉపాధ్యాయులను విచారించినాను. ఇటువంటి ప్రశ్న మీలో చాలమంది ఇండ్లలో ఉన్నదని నాకు తెలుసు. కనుక ఆ పెద్దాయనకు ఇచ్చిన జవాబునే నేడు మీకును చెప్పుచున్నాను.

ఈ చదువు ఎక్కడిది?

వ్యాపార నిర్వహణ అనునది పూర్వము దుకాణములో కూర్చుండి నేర్చుకొను విద్య. కొడుకు తండ్రి పక్కన కూర్చుండి నేర్చుకొనెడివాడు. రైళ్ళు, పెద్ద ఫ్యాక్టరీలు వచ్చిన తరువాత వేలమంది పనివారిని, లక్షల రొక్కమును ఒక్కచోట నడుపవలసి వచ్చినది. అప్పుడు ఇది కాలేజీకి ఎక్కినది. అమెరికాలో 1881లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయములో వార్టన్ స్కూలు, 1908లో హార్వర్డు బిజినెస్ స్కూలు వెలసినవి.

అదే కాలములో ఆ దేశములోనే కార్నెల్ విశ్వవిద్యాలయమునకు చెందిన జి.ఎఫ్. వారెన్ అను ఆచార్యుడు వ్యవసాయక్షేత్రముల ఖర్చులు, రాబడులు సేకరించి పరిశీలించినాడు. వాటి ఆధారముగా 1913లో వ్యవసాయక్షేత్ర నిర్వహణపై పుస్తకము వెలువరించినాడు. అనగా ఈ శాస్త్రము ఫ్యాక్టరీవాని సొత్తు మాత్రమే కాదు. మొదటినుంచి రైతుకు కూడ ఇందులో వాటా ఉన్నది.

మన దేశములో 1953లో కలకత్తాలో ఇందుకొక సంస్థ ఏర్పడినది. కలకత్తా, అహమ్మదాబాదు నగరములలోని ప్రసిద్ధమైన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజిమెంటులు రెండును 1961లో పుట్టినవి. కాని అంతకు నాలుగేండ్ల ముందే, 1957లో, వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఎం.బి.ఏ. తరగతిని ప్రారంభించినది. దేశములో ఎం.బి.ఏ. మొదలుపెట్టిన తొలి విశ్వవిద్యాలయములలో ఒకటి మన ఉత్తరాంధ్ర ముంగిటనే ఉన్నదన్నమాట. 2008లో ఎచ్చెర్లలో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయము ఏర్పడినది. అక్కడను ఎం.బి.ఏ. ఉన్నది. 2015లో విశాఖపట్నమునకు ఒక ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజిమెంటు వచ్చినది. కనుక ఈ చదువు కొరకు పిల్లలు దూరదేశము పోనక్కరలేదు.

ఇందులో ఏమి నేర్పుదురు?

పాఠముల పేర్లు వినుటకు కొత్తగా ఉండవచ్చును. విప్పి చూచిన మనకు తెలిసిన పనులే. లెక్కలు వ్రాయుట, ఉత్పత్తి ఖర్చు కట్టుట, సరుకు ఎప్పుడు ఎక్కడ అమ్మవలెనో చూచుట, అప్పు ఎంత తేవలెనో ఎంత వడ్డీకి తేవలెనో నిర్ణయించుట, మనుషులచేత పని చేయించుట, చట్టము తెలిసికొనుట, అంకెలను చదువుట. కంబారితో మాట పట్టింపు రాకుండ ఊడ్పులు ముగించు రైతుకు మనుషులను నడుపుట తెలియదని ఎవరనగలరు? మనకు తక్కువైనది పని కాదు. చేసిన పనిని కాగితముపై పెట్టు అలవాటు తక్కువ.

ఇందులో మూడు పాఠములు రైతుకు వెంటనే అక్కరకు వచ్చునవి. వాటినే కొంచెము వివరించెదను.

మొదటిది: చేతి రొక్కము వేరు, అసలు ఖర్చు వేరు. ఇది నేను కాలేజీలో కాక మా ఇంటిలోనే నేర్చుకొన్నాను. నేను ఎం.ఎస్సీ. చదువుచున్న రోజులలో మా నాన్నగారు ఎకరమున్నర మెట్టలో గోగు వేసెడివారు. ఒక సంవత్సరము నార అమ్మగా 22,000 రూపాయలు వచ్చినవి. విత్తనము, దుక్కి, ఎరువు, బయటి కూలి కలిసి 7,000 రూపాయలు చేతినుంచి పోయినవి. “పదిహేను వేలు మిగిలింది. గోగంత మంచి పంట లేదు,” అని నాన్నగారు సంతోషించినారు. నేను సెలవులకు వచ్చియున్నాను. సరదాకు ఒక నోటుబుక్కు తీసి ఇంటివారు పని చేసిన రోజులు ఒక్కొక్కటే జ్ఞాపకము చేసికొని వ్రాసినాము. కలుపు తీసిన రోజులు, కోసిన రోజులు, కట్టలు చెరువులో ఊరవేసి మోకాలిలోతు నీటిలో నిలుచుండి నార తీసిన రోజులు అన్నియు కలిసి 110 రోజులు తేలినవి. అందులో ఎక్కువ భాగము మా అమ్మవి. ఆనాటి కూలి 150 రూపాయల చొప్పున 16,500 రూపాయలు. అనగా పదిహేను వేలు లాభము కాదు, పదిహేను వందలు నష్టము.

నాన్నగారు చాలసేపు మాట్లాడలేదు. తరువాత, “ఐతే ఇన్నేళ్ళూ మీ అమ్మ కూలి నేనే తినేశానన్నమాట,” అన్నారు.

అట్లని ఆ మరుసటి సంవత్సరము గోగు పూర్తిగా మానలేదు. సగము చేనిలో మొక్కజొన్న వేసి, సగములో గోగు ఉంచినాము. ఎందుచేత? గోగు తొలకరి వానకు వచ్చును, నీరు పెట్టనక్కరలేదు. వరి డబ్బు రాకముందు, ఇంటిలో రొక్కము లేని కాలములో, నార డబ్బు చేతికి అందును. ఆ నాలుగు రూపాయలు లేకున్న వడ్డీకి తేవలసి వచ్చును. ఎంత మిగిలినదనుటతో పాటు ఎప్పుడు చేతికి వచ్చినదనునది కూడ లెక్కలోనిదే.

కేంద్ర ప్రభుత్వము మద్దతు ధర నిర్ణయించునపుడును ఈ తేడానే పాటించుచున్నది. ఇందుకు సలహా ఇచ్చు సంఘము 1965లో ఏర్పడినది. 1985 నుంచి దానిని వ్యవసాయ వ్యయముల, ధరల కమిషను అనుచున్నారు. వారు చేతినుంచి పోయిన ఖర్చును ‘ఏ2’ అందురు. ఇంటివారి శ్రమ విలువను ‘ఎఫ్.ఎల్.’ అందురు. సొంత భూమి కౌలు, సొంత పెట్టుబడి వడ్డీ కూడ కలిపిన ‘సి2’ అందురు. 2025-26 ఖరీఫునకు సాధారణ రకము వరికి మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. అందుకు వారు చూపిన ఏ2, ఎఫ్.ఎల్. కలిసిన ఖర్చు 1,579 రూపాయలు. ఇది దేశమంతటికి కట్టిన సగటు. మీ మడిలో ఖర్చు 1,400 కావచ్చును, 2,000 కావచ్చును. రెండువేలయిన వానికి క్వింటాలుకు మిగులునది 369 రూపాయలు మాత్రమే. మీ ఖర్చు ఎంతయో ఢిల్లీవారు చెప్పలేరు. మీ పుస్తకమే చెప్పవలెను.

రెండవ పాఠము: నిలిచియున్నను తినుచుండు ఖర్చు. ఉదాహరణకు 2,40,000 రూపాయలతో ఒక పవర్ టిల్లరు కొన్నారనుకొందము. ఎనిమిదేండ్లు పనిచేయుననుకొన్న, ఏడాదికి 30,000 రూపాయలు అరుగుదల. వడ్డీ సుమారు 20,000 వేసికొందము. అది పొలములో దిగినను, పాకలో పడియున్నను ఏడాదికి 50,000 రూపాయలు ఖర్చే. దమ్ము చేయుటకు ఎకరాకు బాడుగ 2,500 రూపాయలనుకొందము. సొంత యంత్రమయితే నూనెకు, మనిషికి, మరమ్మతుకు 1,500 అగునని, అనగా ఎకరాకు వెయ్యి రూపాయలు మిగులునని అనుకొందము. అప్పుడు ఆ యంత్రము ఏడాదికి 50 ఎకరముల పని చేసిననే దాని ఖర్చు దానికి వచ్చును. నాలుగెకరముల రైతు ఒక్కడే కొన్న, పొరుగువాడు కొన్నాడని కొన్నట్లగును. పదిమంది కలిసి కొన్న, లేక కొన్నవాడు పదిమందికి బాడుగకు తిప్పిన, లెక్క కుదురును. అంకెలు మీ ఊరి ధరలను బట్టి మార్చుకొనుడు. కట్టు పద్ధతి మాత్రము ఇదే.

మూడవ పాఠము: వదలుకొన్న ఆదాయము. ఒక దారి పట్టినపుడు రెండవ దారిలో వచ్చెడి రాబడి పోవును. అదియు ఖర్చే. ధాన్యము కళ్ళములోనే అమ్మక మూడు నెలలు గాదెలో ఉంచితిరనుకొనుడు. ధర పెరిగినదా అని మాత్రమే చూచిన చాలదు. ఆ మూడు నెలల వడ్డీ, తరుగు, ఎలుకల నష్టము తీసివేసి చూడవలెను. ఈ మూడవ పాఠముతోనే పెద్దాయన ప్రశ్నకు జవాబు దొరికినది. దానిని చివర చెప్పెదను.

ఈ చదువు ఇవ్వలేనిది

కాలేజీ పుస్తకములలోని ఉదాహరణములు ఎక్కువగా ఫ్యాక్టరీలవి, దుకాణములవి. ధర పడిపోయిన ఫ్యాక్టరీవాడు యంత్రము ఆపగలడు. పొట్టకు వచ్చిన వరిని మనము ఆపలేము. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానములో కొబ్బరిచెట్లను, జీడితోటలను పడగొట్టినది. అక్కడ పోయినది ఒక ఏటి పంట కాదు, తాతలనాటి మూలధనము. కొబ్బరి మొక్క పెరిగి కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. ఇటువంటి కష్టమును పుస్తకము ‘నష్టభయము’ అని ఒక్క మాటలో చెప్పి ఊరకుండును. తుపాను చూచిన పిల్లవానికి ఆ మాట అర్థమగును, చూడనివానికి పరీక్షలో మార్కులు మాత్రము వచ్చును.

మరొక సంగతి. పట్టా చేతికి వచ్చినంత మాత్రమున ఉద్యోగము వచ్చునని నమ్మరాదు. రెండేండ్లు చదివియు ఒక్క మార్కెట్టు యార్డులో అడుగుపెట్టని విద్యార్థులను నేను చూచినాను. కనుక చేరకముందు ఈ సంగతులు విచారింపవలెను. ఐసెట్ పరీక్షలో వచ్చిన ర్యాంకుకు విశ్వవిద్యాలయములోనే సీటు దొరకునా? ఉపాధ్యాయులు నిజముగా ఉన్నారా? సంస్థలలో పని నేర్చుకొనుటకు విద్యార్థులను పంపుదురా? రెండేండ్లకు హాస్టలుతో సహా మొత్తమెంత? ప్రభుత్వ ఫీజు సహాయము వర్తించునా? అక్కడ చదివి రెండేండ్లయినవారు ఇప్పుడు ఏమి చేయుచున్నారు? ఈ చివరి ప్రశ్నను కాలేజీవారిని కాక, చదివి బయటకు వచ్చిన పిల్లలనే అడుగవలెను.

వ్యవసాయ డిగ్రీ చదివిన పిల్లలకు వేరొక దారి కూడ ఉన్నది. హైదరాబాదులోని మేనేజ్ సంస్థలో 1996 నుంచి వ్యవసాయ వ్యాపార నిర్వహణలో రెండేండ్ల చదువు నడచుచున్నది.

మన ఊరికి ఏమి ఉపయోగము?

పిల్లవాడు చదివి పట్నములో ఉద్యోగము చేసికొనుట తప్పు కాదు. కాని ఇప్పుడు మన పల్లెలలోనే ఈ చదువు కావలసిన చోటు ఒకటి ఏర్పడినది. అది రైతు ఉత్పత్తిదారుల కంపెనీ.

కంపెనీల చట్టమునకు 2002లో చేసిన సవరణ వలన పదిమంది రైతులు కలిసిన ఒక కంపెనీ పెట్టుకొనవచ్చును. రైతులే సభ్యులుగా చేరిన దానిలో వాటా ఎంతయినను మనిషికి ఒక్కటే ఓటు. విత్తనము, ఎరువు కలిసి కొనవచ్చును. జీడిపిక్క, మొక్కజొన్న, చోడి కలిసి అమ్మవచ్చును. 2020లో కేంద్ర ప్రభుత్వము ఇటువంటి సంఘములు 10,000 ఏర్పరచుటకు పథకము పెట్టినది. దాని ప్రకారము మైదానములో కనీసము 300 మంది, కొండ ప్రాంతములో 100 మంది సభ్యులుండవలెను. నిర్వహణ ఖర్చులకు మూడేండ్లలో ఒక్కొక్క సంఘమునకు 18 లక్షల రూపాయల వరకు సహాయమున్నది.

ఇందులో రైతులు గమనింపవలసినవి రెండు. ప్రతి ఉత్పత్తిదారుల కంపెనీకి పూర్తికాలము పనిచేయు ముఖ్య నిర్వహణాధికారి ఉండవలెనని చట్టము చెప్పుచున్నది. ఆయన సభ్యుడు కాని వ్యక్తియై ఉండవలెను. ఇది మొదటిది. మూడేండ్ల సహాయము ముగిసిన తరువాత ఆ జీతము కంపెనీ వ్యాపారము నుంచే రావలెను. ఇది రెండవది. అప్పుడు ఎవరు నడుపుదురు? లెక్క తెలిసి ఊరు తెలియనివాడు వచ్చిన, సభ్యులు నమ్మరు. ఊరు తెలిసి లెక్క తెలియనివాడయిన, అప్పుల పాలగును. రెండును తెలిసినవారు రైతు ఇంటినుంచి వెళ్ళి చదివినవారే.

గుజరాతులోని ఆనందులో పాల సహకార సంఘము 1946లో మొదలయినది. 1949లో అక్కడికి వచ్చిన వర్గీసు కురియన్ ఇంజనీరు. ఆయన ఆ పాలరైతుల సంఘమును దేశమునకు ఆదర్శముగా నిలిపినారు. అయినను పల్లె సంఘములకు వేరుగా నిర్వాహకులను తయారు చేయవలెనని గ్రహించి 1979లో అక్కడనే గ్రామీణ నిర్వహణ విద్యాసంస్థను నెలకొల్పినారు. పాలు ఉత్పత్తి చేయు రైతుకు పాలు అమ్ముటలో ఆరితేరిన మనిషి కావలెనని వారు ముప్పది ఏండ్ల అనుభవముతో తెలిసికొన్నారు.

పెద్దాయనకు చెప్పిన లెక్క

ఇక అరెకరము సంగతి. పెద్దాయన, నేను అరుగుమీద కూర్చుండి ఇట్లు లెక్క వేసినాము. పిల్లవాడు అడిగిన పట్నపు కాలేజీలో రెండేండ్లకు ఫీజు, హాస్టలు కలిసి 3 లక్షలు. అతడు చదువు మాని ఇప్పుడే పనికి వెళ్ళిన నెలకు 10,000 రూపాయలు తెచ్చును. అనగా రెండేండ్లకు వదలుకొన్న ఆదాయము 2,40,000. మొత్తము 5,40,000 రూపాయల పెట్టుబడి. చదివిన తరువాత 18,000 జీతము వచ్చిన, నెలకు 8,000 ఎక్కువ, ఏడాదికి 96,000. సుమారు ఐదున్నర ఏండ్లలో పెట్టుబడి తిరిగి వచ్చును. మంచిదే. జీతము 12,000 మాత్రమే వచ్చినచో ఏడాదికి 24,000 ఎక్కువ. అప్పుడు ఇరువది రెండేండ్లకు పైగా పట్టును. చదువు పేరు ఒక్కటే, కాలేజీని బట్టి ఒకటి లాభము, ఒకటి నష్టము.

అప్పుడు నేను చెప్పినది ఇది: “అరెకరం అమ్మవద్దండి. అమ్మిన భూమి మళ్ళీ రాదు. రోడ్డు పక్కది అసలే రాదు. అబ్బాయిని ఐసెట్‌కు చదువుకోమనండి. విశ్వవిద్యాలయంలో సీటు వస్తే ఫీజు తగ్గుతుంది. తక్కువైన డబ్బుకు బ్యాంకు విద్యారుణం అడగండి. 4 లక్షల వరకు ఆస్తి తాకట్టు లేకుండా ఇచ్చే పద్ధతి ఉంది. మీరు కూడా సంతకం పెట్టాలి గనుక తీర్చే బాధ్యత మీ ఇద్దరిదీ. ఈలోగా ఇంటి సేద్యం లెక్క అబ్బాయి చేత వ్రాయించండి. మన ఇంటి లెక్క వ్రాయలేనివాడు కంపెనీ లెక్క ఏమి వ్రాస్తాడు?”

ఆయన తల ఊపినారు. భూమి అమ్మలేదు.

మూడు నెలల తరువాత అటు వెళ్ళినపుడు నోటుబుక్కు తెచ్చి చూపినారు. దుక్కి, నారు, గేదెల దాణా, పాల డబ్బు అన్నియు తేదీల వారీగా ఉన్నవి. ఇంటివారి కూలి వేరే గడిలో వ్రాసియున్నది. అక్షరములు ముత్యములవలె ఉన్నవి. “అబ్బాయి బాగా వ్రాశాడండీ,” అన్నాను. పెద్దాయన నవ్వి, “ఆడు పది రోజులు రాసి మానీసినాడండి. ఇది మా పాప రాసింది,” అన్నారు. ఆ అమ్మాయి ఇంటరు రెండవ సంవత్సరము. పాల కేంద్రమువారు వెన్న శాతము తక్కువ కట్టిన రెండు రోజులను కూడ ఆమెయే పట్టుకొన్నది. ఆ ఇంటిలో ఎం.బి.ఏ. చదువు ఎవరికని తండ్రి అప్పటివరకు ఒక్కరిని గురించే ఆలోచించినాడు. ఇప్పుడు ఇద్దరిని గురించి ఆలోచించుచున్నాడు. అబ్బాయి ఐసెట్‌కు చదువుచున్నాడు. అమ్మాయి డిగ్రీలో చేరును.

కనుక సోదరులారా, సోదరీమణులారా! నేను కోరునది పెద్ద పని కాదు. ఈ పంట మొదలు ప్రతి ఇంటిలో ఒక పుస్తకము పెట్టుడు. పంటకు రెండు పుటలు చాలును. ఐదు గడులు గీయుడు: తేది, చేసిన పని, పోయిన రొక్కము, ఇంటివారి కూలి మరియు ఇంటి సరుకు విలువ, వచ్చిన రాబడి. ఏ రోజు సంగతి ఆ రోజే వ్రాయవలెను. వారము తరువాత జ్ఞాపకముండదు. వ్రాయు పని ఇంటిలో చదువుకొను పిల్లలకు అప్పగించుడు. ఏ పిల్ల, ఏ పిల్లవాడు విసుగు లేకుండ ఏడాది వ్రాసినారో చూడుడు. ఈ చదువు ఎవరికి తగునో అప్పుడు మీకే తెలియును. వారిని కాలేజీకి పంపుటకు సంకోచింపకుడు.

వచ్చు సమావేశమునకు మీ పుస్తకములు తీసికొని రావలసినదిగా కోరుచున్నాను. ఎరువుల సంగతి అప్పుడు ఆ లెక్కలు ముందు పెట్టుకొనియే మాట్లాడుకొందము.